బావమరిది వెన్నుపూస

మా వారి కుడికాలి చెప్పు మెట్ల మీద ఉండిపోవడం మొదట చూసింది నేనే. సాయంత్రం ఆస్పత్రి నుంచి వచ్చి మేడెక్కుతున్నారు. ఎడమకాలి చెప్పు ఆయనతో పాటు పైకి వచ్చింది, కుడికాలిది కింది మెట్టు దగ్గరే ఆగిపోయింది. ఆ సంగతి ఆయనకు తెలియను కూడా తెలియలేదు. తీసుకెళ్లి ఇస్తే "వదులైపోయాయి" అన్నారు. మర్నాడు మెయిన్ రోడ్డుకు వెళ్లి కొత్త జత కొనుక్కొచ్చారు. ఆ కొత్త చెప్పూ మెట్ల మీదే ఆగింది.

నేను ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన దాన్ని, డాక్టర్ని కాను. కానీ వెన్నెముక డాక్టరుతో ఇన్నేళ్లు కాపురం చేస్తే, అన్నం తినేటప్పుడూ ఆ కబుర్లే కనక, కొంత చదువు తనంతట తనే ఒంటబడుతుంది. పాదం పైకి లేవకపోతే చెప్పు జారుతుంది. పాదం లేవకపోవడానికి కారణం తరచుగా పాదంలో ఉండదు, నడుములో ఉంటుంది. పూసల మధ్య ఉండే డిస్కు బయటికి పొడుచుకొచ్చి నరాన్ని నొక్కేస్తుంది. ఇదంతా ఆయన రోగులకు కాగితం మీద బొమ్మ గీసి చెప్పేదే. "ఇలాంటప్పుడు ఆలస్యం చేస్తే నరం చచ్చిపోతుందండి, మళ్లీ రాదు" అని భయపెట్టేదీ ఆయనే.

"ఏమండీ, ఒకసారి ఆ పాదం పైకెత్తి చూపించండి" అన్నాను.

"నువ్వెప్పుడు ఎంబీబీఎస్ చదివావే?" అని నవ్వారు. పాదం మాత్రం ఎత్తి చూపించలేదు.

ఆయన గురించి ముందు మంచి చెప్పాలి. చెప్పకపోతే నాకే నిద్ర పట్టదు. మా వారిది మొగల్తూరు దగ్గర పల్లె. రాజమండ్రిలో ఆయన ప్రాక్టీసు పెట్టిన కొత్తలో వెన్నెముక ఆపరేషనంటే మద్రాసు పోవాల్సిందే అనేవారు. కోనసీమలో కొబ్బరి దింపు తీసేవాళ్లు చెట్టు మీంచి పడితే, చుట్టుపక్కల వాళ్లు తలా ఒక కాలూ చెయ్యీ పట్టుకుని, మనిషిని మడిచి ఆటోలో కుదేసి తెచ్చేవారు. పడ్డప్పుడు పోని కాళ్లు ఆ తేవడంలో పోయేవి. ఈయన ఆదివారాలు స్కూటరు మీద ఊళ్లు తిరిగి, పడ్డవాణ్ణి ఎలా ఎత్తాలో, తలుపు ఊడదీసి దాని మీద ఎలా పడుకోబెట్టాలో ఆటోవాళ్లకూ దింపు వాళ్లకూ తనే నేల మీద పడుకుని చూపించేవారు. తెల్ల చొక్కా వీపంతా మట్టి చేసుకుని ఇంటికి వచ్చేవారు. ఆ చొక్కాలు ఉతికింది నేను. ఆ మనిషంటే నాకు చాలా ఇష్టం. అప్పటికి ఆయనకు ఏ పదవీ లేదు.

పదవులు తరవాత వచ్చాయి. వెన్నెముక సర్జన్లందరికీ రాష్ట్రంలో ఒక సంఘం ఉంది. అందులో మొదట కమిటీ సభ్యుడు, తరవాత కోశాధికారి, ఆపైన కార్యదర్శి, ఉపాధ్యక్షుడు. బయటివాళ్లు ఏమనుకుంటారో గానీ, ఆ వరస ఎక్కాలంటే కత్తి పట్టడం కంటే ఫోను పట్టడం బాగా రావాలి. వాళ్ల ఎన్నికలన్నీ ఏకగ్రీవమే. ఆ ఏకగ్రీవం కోసం ముందు నెలల తరబడి లోపల్లోపల కొట్టుకుంటారు. ఈసారి కోస్తా, వచ్చేసారి సీమ, ఫలానా ఆయన మనవాడా అవతలి వాడా, ఎవరి కూతురి పెళ్లికి ఎవరు రాలేదు. మా భోజనాల బల్ల దగ్గర రోగుల కబుర్లు పోయి ఈ లెక్కలు వచ్చాయి. వెళ్లిన ప్రతిచోటా ఒక శాలువా కప్పేవారు. నేను వాటిని ఇంట్లో పనిచేసే వాళ్లకు ఇస్తూ వచ్చాను. చివరికి వాళ్లే "వద్దండమ్మా, మన ఎండలకి ఇయ్యేం చేసుకుంటామండీ" అనేశారు.

ఆయన దగ్గర పని నేర్చుకున్న శిష్యుడు ఒకడున్నాడు. ఉప్పాడలో చేపల వేటకు వెళ్లే వాళ్లింటి పిల్లవాడు, వాళ్ల పాత ఇల్లు సముద్రంలో కలిసిపోయింది. చదువు పూర్తయ్యాక మా వారి దగ్గర చేరి ఏళ్ల తరబడి ఆపరేషన్లలో పక్కన నిలబడ్డాడు. మధ్యాహ్నం పూట మా ఇంట్లోనే భోజనం. "వాడి చేతులు నా చేతులకంటే మంచివే" అని మా వారు నాతో అనేవారు. నాతో మాత్రమే అనేవారు. తరవాత కాకినాడలో సొంతంగా పెట్టుకున్నాడు, పేరు తెచ్చుకున్నాడు.

మా వారు అధ్యక్ష పదవికి నిలబడ్డ ఏడు, చిన్నవాళ్లందరూ కలిసి ఇతన్ని పోటీకి నిలబెట్టారు. ఏకగ్రీవం చెడింది. మా వారే గెలిచారు. గెలిచినవారు ఊరుకోవచ్చు కదా. సర్వసభ్య సమావేశంలో మైకు పుచ్చుకుని, "మావాడికి వల విసరడం పుట్టుకతో వచ్చిన విద్య. ఈసారి మాత్రం ఖాళీ వల పైకొచ్చింది" అన్నారు. హాలంతా నవ్విందట. ఆయన ఇంటికొచ్చి నాకు ఆ మాట ముచ్చటగా చెప్పారు. నేను నవ్వలేదు. నా చేతి అన్నం తిన్న పిల్లవాణ్ణి వాడి పుట్టుక ఎత్తి నలుగురిలో అన్నందుకు నాకు ఒళ్లు మండిపోయింది, ఆ మాటే అన్నాను కూడా. "జోకమ్మా, రాజకీయాల్లో ఇవన్నీ ఉంటాయి" అన్నారు. ఆ రోజు నుంచి గురుశిష్యులకు మాటల్లేవు.

కొత్త అధ్యక్షుడు బాధ్యతలు తీసుకునే వార్షిక సదస్సు ఆ తర్వాతి నెలలో మన రాజమండ్రిలోనే పెట్టారు. చెప్పు జారడం సరిగ్గా దానికి ముందు మొదలైంది.

స్కాన్ చేయించమని పోరాను. సొంత ఆస్పత్రిలో చేయిస్తే సాయంత్రానికల్లా సంఘం వాట్సాప్ గ్రూపులో ఉంటుందన్నారు. చివరికి ఏలూరు తీసుకెళ్లాను. అక్కడ కూడా పేరు రాయించడానికి మనసొప్పలేదు. తణుకులో ఉన్న మా తమ్ముడి పేరు రాయించారు. మా తమ్ముడికి నడుం నొప్పంటే ఏంటో తెలియదు, బియ్యం బస్తా ఒంటి చేత్తో పక్కకు జరుపుతాడు. మాస్కు పెట్టుకుని, టోపీ పెట్టుకుని, బావమరిదిగా మారిపోయి స్కాన్ గదిలోకి వెళ్లారు మా వారు. రాష్ట్రంలో వెన్నెముక డాక్టర్లందరికీ పెద్ద.

ఇంటికొచ్చి ఫిల్ము కిటికీకి ఆనించి వెలుతుర్లో చూసుకున్నారు. చాలాసేపు చూశారు.

"ఇది మీ పేషెంటుదైతే ఏం చేస్తారు?" అన్నాను.

"ఇవాళే అడ్మిట్ చేసుకుంటాను."

"మరింకేం?"

"సదస్సు అయ్యాక చూద్దాం."

"అప్పటికి ఆ నరం ఉంటుందా అండీ?"

ఆయన ఫిల్ము కవర్లో పెట్టేశారు. ఆపరేషన్ చెయ్యగలవాళ్లలో ఒక్కొక్కరి పేరూ చెప్పడం మొదలుపెట్టాను. హైదరాబాదు ఆయన? "వాడు అవతలి వర్గం." విశాఖపట్నం ఆయన? "వచ్చే ఏడు వాడే నిలబడతాడు. అధ్యక్షుణ్ణి నేనే నిలబెట్టానని ఊరంతా చెప్పుకుంటాడు." పోనీ చెన్నై? "మన రాష్ట్రంలో చేసేవాళ్లు లేక అధ్యక్షుడే చెన్నై పోయాడని పేపర్లో వేస్తారు." ఇక మిగిలింది కాకినాడ. ఆ పేరు చెప్పేసరికి ముఖం తిప్పేసుకున్నారు.

"వాడి బల్ల మీద బోర్లా పడుకోవాలా నేను?" అన్నారు.

"అందరిలోకీ వాడివే మంచి చేతులని మీరే కదా అన్నారు."

"అది వేరు, ఇది వేరు. కుంటుకుంటూ వెళ్లి పదవి తీసుకుంటే ఏమంటారో తెలుసా? సొంత వెన్నే నిలబెట్టుకోలేనివాడు సంఘాన్నేం నిలబెడతాడంటారు."

నేను ఏడ్చాను, అరిచాను, మాట్లాడ్డం మానేశాను. అన్నీ అయ్యాక ఆయనకు చెప్పకుండా కాకినాడ ఫోన్ చేసి మళ్లీ ఏడ్చాను. శిష్యుడు అంతా విన్నాడు. "ఆయన్ని ఒక్క మాట అడగమనండమ్మా. నేను రేపే చేస్తాను" అన్నాడు. అడగరు బాబూ అన్నాను. "అడగనివాళ్లకి నేనెలా చేస్తానండీ?" అన్నాడు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది, కొంచెం విషమూ ఉంది. అయినా మర్నాడు కారేసుకుని వచ్చాడు. వచ్చినందుకు ఆ రోజు అతనికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నం మా హాల్లో జరిగింది నేను చచ్చేదాకా మర్చిపోను. మా వారు సోఫాలోంచి లేవలేదు, లేస్తే కాలు బయటపడుతుంది. "రావోయ్, సదస్సులో ఒక సెషన్‌కి నువ్వు అధ్యక్షత వహించాలి" అన్నారు, అందుకే తను పిలిపించినట్టు. అతను "అలాగేనండి సార్" అన్నాడు. కాఫీ ఇచ్చాను. సముద్రం ఈమధ్య ఉప్పాడ రోడ్డు కోసేసిందన్న కబురు మాట్లాడుకున్నారు. అతని కళ్లు మాత్రం మా వారి కుడిపాదం మీదే ఉన్నాయి. ఇద్దరిలో ఎవరూ ఆ మాట ఎత్తడం లేదని నేనే లోపలికెళ్లి ఫిల్ము తెచ్చి అతని చేతికిచ్చాను.

"మా బావమరిదిది" అన్నారు మా వారు, కాఫీ తాగుతూనే.

అతను ఫిల్ము మీద ఉన్న మా తమ్ముడి పేరు చూశాడు, నన్ను చూశాడు. మీవేనా సార్ అని ఒక్క మాట అంటాడని ఊపిరి బిగబట్టాను. అనలేదు. లేచి కిటికీ దగ్గర నిలబడి చూశాడు.

"మీ బావమరిదిగారికి వెంటనే చెయ్యాలండి సార్. నరం బాగా నలిగిపోయింది" అన్నాడు.

"తెలుసు. వాడికేదో ముఖ్యమైన పనుందంట. అదయ్యాక చేయించుకుంటాడు."

"అప్పటికి పాదం రాదండి."

"వస్తుందోయ్. ఆలస్యమైనా వచ్చినవాళ్లని నా సర్వీసులో చూశాను."

"రానివాళ్లని కూడా చూశారు కద సార్. నేనూ పక్కనే ఉన్నానండి."

మా వారు కప్పు కింద పెట్టారు. "మా బావమరిది మొండివాడు. వాడి ఇష్టం" అన్నారు.

"ఆయన అడిగితే కాకినాడలో ఏ రోజైనా చేస్తానని చెప్పండి సార్" అన్నాడు శిష్యుడు.

అదీ వాళ్ల సంభాషణ. అంత చదువుకున్నవాళ్లు ఇద్దరు, కళ్ల ముందున్న కాలు వదిలేసి, తణుకులో కులాసాగా ఉన్న మా తమ్ముడి గురించి మాట్లాడుకున్నారు. ఒకరు అడగరు, ఇంకొకరు అడక్కుండా చెయ్యరు. ఇద్దరి చెంపలూ వాయించాలనిపించింది. గేటు దాకా వెళ్లి "బాబూ, నువ్వయినా గట్టిగా చెప్పచ్చు కదా" అన్నాను. "చెప్పానండమ్మా. ఇంకెలా చెప్పనండీ" అన్నాడు, తల దించుకుని కారెక్కాడు.

సదస్సు రానే వచ్చింది. గోదావరి గట్టు మీద హోటలు, ఊళ్లో ప్రతి కూడలిలోనూ మా వారి ఫ్లెక్సీ. డాక్టర్లు హాల్లో ఉంటే వాళ్ల భార్యలకు కాలక్షేపం కావాలి కనక మమ్మల్నందర్నీ బస్సెక్కించి చీరలకని ఉప్పాడ తీసుకెళ్లారు. అధ్యక్షుడి భార్యను కదా, బస్సులో ముందు సీటు నాదే. మగ్గాల ముందు కూర్చుని వాళ్లు అంచులు చూస్తుంటే, నేను ఈపాటికి ఆయన ఎంతసేపటి నుంచి నిలబడి ఉన్నారోనని కుమిలిపోయాను. వాళ్లలో ఒకావిడ నా పక్కకు వచ్చి, "మీ వారు కొంచెం కాలు ఈడుస్తున్నట్టున్నారండీ?" అంది. కొత్త బూట్లు కరిచాయని చెప్పాను. అలా చెప్పమని ఆయనే పొద్దున నేర్పి పంపారు. బూటు లోపల పాదాన్ని నిలబెట్టే ప్లాస్టిక్ పట్టీ ఉంది. సాయంత్రం మెడలో అధ్యక్షుడి పతకం వేయించుకుని, నిటారుగా నిలబడి వెన్నెముకను ఎలా కాపాడుకోవాలో ఉపన్యాసం ఇచ్చారు. చాలా బాగా మాట్లాడారని అందరూ అన్నారు.

పతకం మెడలో పడ్డాక ఆయనకు కాకినాడ పేరు చేదుగా అనిపించలేదు. తనే ఫోన్ చేసి అడిగారు. మర్నాడే ఆపరేషన్. శిష్యుడు వంక పెట్టడానికి లేకుండా చేశాడు. నొప్పి పూర్తిగా పోయింది. పాదం రాలేదు. రోజూ పొద్దున్నే మంచం అంచున కూర్చుని ఆ పాదం వంక చూస్తూ లేపడానికి ప్రయత్నించేవారు. బొటనవేలు కూడా కదిలేది కాదు. నేను కాఫీ పట్టుకొచ్చి అవతలి గదిలోనే నిలబడిపోయేదాన్ని, ఆయన చూస్తుండగా నేను చూస్తే ఆయన తట్టుకోలేరని.

కొన్నాళ్లకు మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లారు. ఎముక తొలిచే డ్రిల్లుకి కింద పెడల్ ఉంటుంది, కాలితో నొక్కితే తిరుగుతుంది, తీస్తే ఆగుతుంది. ఆ రోజు ఇంటికొచ్చి భోజనం చెయ్యలేదు. "నొక్కడం వస్తోందే. తియ్యడం రావట్లేదు" అన్నారు. అవతల నరం, ఇవతల తిరిగే డ్రిల్లు. పక్కనున్న కుర్ర డాక్టరు ప్లగ్గు పీకేశాడట. ఏమీ జరగలేదు. కానీ మా వారు ఆ రోజుతో కత్తి కింద పెట్టేశారు. అందుకు మాత్రం ఆయనకు వంక పెట్టను. పెట్టేసి, నా ఒళ్లో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నా మీద ఆయనకు ఎంత కోపమున్నా పడతాను గానీ ఆ ఏడుపు ఇంకోసారి వినలేను.

చోద్యం ఏంటంటే, కత్తి పోయాక పదవులు ఇంకా ఎక్కువయ్యాయి. ఆపరేషన్లు చేసేవాళ్లకు తీరికుండదు, ఈయనకు ఇప్పుడు బోలెడంత తీరిక. జాతీయ కమిటీలో చోటు వచ్చింది. పరీక్షలకు పరిశీలకుడయ్యారు. చికిత్సా ప్రమాణాలు నిర్ణయించే మండలికి పెద్దయ్యారు. శిష్యుడూ ఆయనా ఒకటైపోయారు. మా వారి మద్దతుతోనే అతను సంఘానికి కార్యదర్శి అయ్యాడు, అదీ ఏకగ్రీవంగా. వాళ్లు కలిసినందుకు నాకూ సంతోషమే అనిపించింది. ఏ ఊళ్లో సభ జరిగినా నేను వెంట వెళ్లాల్సిందే. వేదిక ఎక్కడం ఆయనకు ఫరవాలేదు, దిగడమే కష్టం, పాదం ఎక్కడ పడుతోందో తెలియదు. సభ అయ్యాక నేను లేచి వెళ్లి చెయ్యి అందిస్తాను, ఆయన నా భుజం ఆనుకుని దిగుతారు. చూసేవాళ్లు అన్యోన్య దాంపత్యమని మెచ్చుకుంటారు.

మొన్న విజయవాడలో ఆయనకు జీవితకాల సేవకని సన్మానం చేశారు. హాలు నిండా కుర్ర డాక్టర్లు. ఆయన కాలి సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు, దాచడమూ మానేశారు, అదొక పాఠంలా చెప్తుంటారు. నరం నలిగినప్పుడు రోగి వాయిదా వేస్తానన్నా డాక్టరు ఒప్పుకోకూడదని ఆ రోజు కూడా చక్కగా చెప్పారు. నేను ముందు వరసలో కూర్చుని విన్నాను, నిజాయితీగా చెప్తున్నారనే అనుకున్నాను. అయ్యాక వెనక నుంచి ఒక అమ్మాయి, చదువుకుంటున్న డాక్టరు, లేచి నిలబడింది.

"సార్, తప్పుగా అనుకోకండి. ఇదంతా మీకు తెలుసు కదండీ. మరి మీ విషయంలో ఎందుకు ఆలస్యమైంది సార్?"

నేను ఆయన ముఖం వంకే చూస్తున్నాను. ఇన్నాళ్లకైనా పదవి కోసమే ఆగానన్న మాట ఆయన నోట వస్తుందని, వస్తే నేను అన్నీ మర్చిపోతానని అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఆయన మైకు దగ్గరికి లాక్కుని నవ్వారు. "ఎంత సర్జన్నైనా ఇంట్లో హోం మినిస్టరు ఒప్పుకోవాలి కదమ్మా. మా ఆవిడ భయపడిపోయింది. ఆపరేషన్ వద్దంటే వద్దని కూర్చుంది" అన్నారు.

హాలంతా పగలబడి నవ్వింది. ముందు వరసల్లో వాళ్లందరూ ఆప్యాయంగా నా వైపు తిరిగారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. వేదిక మీద కార్యదర్శి కుర్చీలో శిష్యుడు ఉన్నాడు. అతనికి అంతా తెలుసు. మా హాల్లో కిటికీ దగ్గర నిలబడి ఆ ఫిల్ము చూసింది అతనే, ఫోన్ చేసి ఏడ్చింది నేనేనని తెలిసినవాడూ అతనే. అతను కూడా నవ్వాడు.

వందన సమర్పణ అయింది. జనం లేచారు. మా వారు శాలువా సర్దుకుంటూ వేదిక అంచుకు వచ్చి, ఎప్పటిలాగే నా వైపు చెయ్యి చాపారు. ముఖం మీద ఆ నవ్వు ఇంకా అలాగే ఉంది. నేను నా కుర్చీలోంచి లేవలేదు.